అమ్మ సొమ్ము

భారతమ్మ లేచేసరికే కొడుకు గోడవైపు తిరిగి చాప మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, విగ్రహంలా కదలకుండా ఉన్నాడు. ఆమె దగ్గు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బిందె తీసుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచింది. ఉగాది తర్వాత నుంచి ఆ ఇంట్లో ప్రతి తెల్లవారుజామూ ఇంతే.

అది తార్నాకలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న పెంకుటిళ్ల వరస. భర్త లక్ష్మయ్య పోయాక జనగామ దగ్గరి ఊరిలో ఉన్న చెలక తమ్ముడికి అప్పజెప్పి, పసివాణ్ణి చంకనేసుకుని పట్నం వచ్చింది భారతమ్మ. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో రొట్టెలు చేసే పని దొరికింది. ఆ పిల్లవాడే ఇన్నయ్య. ఇప్పుడు అదే యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్నాడు. వాళ్లకు పాఠం చెప్పే రంగనాథ్ సారు కడప వైపు మనిషి. నాగార్జునకొండ నీళ్లలో మునగకముందు అక్కడ తవ్వకాల్లో పనిచేసినవాడు. ఆదివారం పొద్దున కొందరు విద్యార్థులు ఆయన వరండాలో చేరి బుద్ధుడి మాటలు చదువుకుంటారు. ఆ వరండాలో కూర్చోవడం మొదలుపెట్టాకే ఇన్నయ్య మాంసం మానేశాడు. రోజూ లేవగానే, "ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, అబద్ధమాడను" అని మెల్లగా చెప్పుకుని, సకల జీవులూ సుఖంగా ఉండాలని కోరుకుంటూ కూర్చునేవాడు.

భారతమ్మకు అందులో తప్పేమీ కనిపించలేదు.

"మంచిదే గద," అనేది పక్కింటి సారలమ్మతో. "కల్లు దుకాణం దిక్కు జూడడు, సిగరెట్టు తాగడు. అబద్దమంటే అసలే ఆడడు. ఏ దేవునికి మొక్కితే ఏంది?"

తల్లీకొడుకుల మధ్య తేడా వచ్చింది పెరట్లో కట్టేసిన మేకపోతు దగ్గరే.

కిందటేడు ఇన్నయ్యకు కామెర్లు ముదిరి, ఆస్పత్రిలో తల్లిని కూడా గుర్తుపట్టలేని స్థితికి వచ్చాడు. పెద్ద డాక్టరు "దేవుడి మీద భారం వెయ్యమ్మా" అని తలవంచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు భారతమ్మ చెప్పుల్లేకుండా ఎండలో నడిచి తార్నాక పోచమ్మ గుడికి వచ్చింది. గడపకు తల కొట్టుకుంది. "నా కొడుకు పానం నాకియ్యి తల్లీ. యాటపోతునిస్తా" అంది. కొడుకు కళ్లు తెరిచాడు. అతను లేచి నడవగానే ఆమె ఊరికి పోయి, తమ్ముడి మందలోంచి ఒక నల్ల మేకపిల్లను తెచ్చుకుంది. తన రొట్టెలో సగం దానికి పెట్టి సాకింది. దానికి పేరు పెట్టలేదు. ఎవరైనా అడిగితే "అమ్మ సొమ్ము" అనేది. ఇప్పుడు ఆషాఢం వచ్చింది. వచ్చే ఆదివారమే బోనాలు.

కిందటి అమావాస్య నాడు ఇన్నయ్య పెరట్లోకి వచ్చి మేక పక్కన గొంతుకూర్చున్నాడు.

"అమ్మా, నేను బతికినందుకు దీని మెడ కోస్తరా?"

"నేను మాటిచ్చిన బిడ్డా. అడిగింది నేను, ఇచ్చింది ఆమె."

"నేనడగలే గద?"

"నీకు సోయి ఉంటే గద అడుగుతవ్! ఆ దినం నీ చెయ్యి పట్టుకుంటే సల్లగున్నది. నేనెట్ల బతికిన్నో నీకేమెర్క?"

అతను మేక మెడ నిమిరాడు. చివరికి లేచి, తల్లి అరచేతిలో తన చెయ్యి వేశాడు.

"సరే. నీ మొక్కుకు నేను అడ్డం రాను."

ఆ మాటతో ఆమె గుండె మీది బండ దిగింది. అతనిచ్చిన మాటకు తిరుగుండదని ఆమె నమ్మకం.

గురువారం నాడు ఆమె ఎప్పటిలాగే మేకకు తుమ్మకొమ్మ వేసి మెస్సుకు పోయింది. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి పెరట్లో గుంజ ఒక్కటే ఉంది. ఇన్నయ్య లోపల చదువుకుంటున్నాడు.

"ఇన్నా, యాటేది?"

అతను పుస్తకంలోంచి తలెత్తాడు. తల్లి కళ్లలోకి చూశాడు.

"నేను లైబ్రరీకి పోయిన. వచ్చేవరకు లేదమ్మా. తాడు తెంపుకొని పోయిందేమో."

భారతమ్మ ఉన్నపళంగా బయటపడింది. మౌలాలి దారిలో తుమ్మచెట్ల దాకా నడిచింది. మేకలు కాసేవాళ్లను అడిగింది. అడిక్‌మెట్ వైపు కటిక దుకాణాల ముందు నిలబడి వేలాడే తోళ్లను చూసింది. నల్లతోలు కనిపించిన చోటల్లా దగ్గరికి పోయి తడిమి చూసింది. పొద్దుగూకే వేళకు కాళ్లు బొబ్బలెక్కి ఇంటికి వచ్చింది. వాకిట్లో కాలు పెట్టగానే పక్కింట్లోంచి మాంసం ఉడుకుతున్న వాసన వచ్చింది.

పక్కింటి ఉప్పలయ్య రైలు వర్క్‌షాపులో పనిచేస్తాడు. భారతమ్మను అక్కా అని పిలుస్తాడు. కల్లు తాగినప్పుడల్లా గోడ మీంచి మేకను చూసి, "అక్కా, నీ యాటను జూస్తే నోరూరుతున్నది" అని పరాచికాలాడేవాడు. అతని భార్య సారలమ్మ ఇన్నయ్య ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ భారతమ్మకు అన్నం మోసిన మనిషి. ఆ సాయంత్రం భారతమ్మకు అవేవీ గుర్తుకు రాలేదు. తిన్నగా వాళ్ల వంటింట్లోకి పోయి పొయ్యి మీది గిన్నె మూత తీసింది.

"ఎక్కడిది ఈ కూర?"

సారలమ్మ నోరు తెరుచుకుని నిలబడింది. "మా తమ్ముడొచ్చిండు వదినె. గోల్నాక నుంచి వాడే తెచ్చిండు. ఏమైంది?"

"వాడు తెచ్చిండా? నా ఇంట్లకెల్లి పోయిందా?"

మాట మీద మాట పెరిగింది. వరసలోని వాళ్లంతా కుళాయి దగ్గర చేరారు. ఉప్పలయ్య అప్పుడే పనినుంచి వచ్చాడు. సంగతి వినగానే అతని మొహం నల్లబడింది.

"అక్కా, నేను తాగుతా. నవ్వులాటకు ఏదో అంటా. పోచమ్మకిచ్చిన యాటను తింటనా?"

"మరెటు పోయింది? నా కొడుకు లైబ్రరీకి పోయిండు. ఇంట్ల ఎవలు లేరు. గోడవతల ఉండేది మీరే."

"నీ కొడుకు చెప్పిండా?"

"నా కొడుకు అబద్దమాడడు! పొద్దున లేస్తే అదే ఒట్టు పెట్టుకుంటడు. నీ లెక్క తాగి మాట్లాడడు!"

ఉప్పలయ్య ఇంకేమీ అనలేదు. లోపలికి పోయి కర్పూరం బిళ్ల తెచ్చి అరచేతిలో పెట్టుకుని వెలిగించాడు. అందరూ చూస్తుండగా, "నేను దీస్తే నా పిల్లలు నాకు దక్కొద్దు" అని రెండో చేత్తో దాన్ని కొట్టి ఆర్పాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. సారలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

గడపలో నిలబడ్డ ఇన్నయ్య ఇదంతా చూశాడు. "అమ్మా, ఇడ్సిపెట్టు. పోతే పోయింది," అన్నాడు నెమ్మదిగా. కొడుకు మనసు మెత్తన అనుకుంది భారతమ్మ.

మర్నాడు మెస్సులో పొద్దుటి పని కాగానే ఆమె క్యాంపస్ అంతా తిరిగింది. హాస్టల్ తోటమాలులను అడిగింది. చెట్ల కింద కూర్చున్న పిల్లల్ని అడిగింది. లెక్చరర్ల క్వార్టర్ల వైపు మళ్లినప్పుడు ఒక కాంపౌండులోంచి మేక అరుపు వినిపించింది. వెయ్యి మేకల్లోనైనా ఆమె ఆ గొంతు గుర్తుపట్టగలదు. గేటు తీసుకుని లోపలికి పోయింది. జామచెట్టుకు కట్టేసి ఉన్న మేక ఆమెను చూసి తాడు గుంజుకుంటూ ఎగిరింది.

వరండాలోంచి ఒకావిడ దిగి వచ్చింది. రంగనాథ్ సారు భార్య లక్ష్మీదేవి.

"ఎవరు కావాలమ్మా?" అని అడిగి, మేకను చూసి, ఆమెను చూసి, మొహమంతా నవ్వు చేసుకుంది. "ఓ, నువ్వు ఇన్నయ్య వాళ్లమ్మవా! రామ్మా, రా, కూర్చో. ఎంత పెద్ద మనసు తల్లీ నీది. కొడుకు మాట విని మొక్కు మానుకున్నావంట. నువ్వే పంపించినావని చెప్పినాడు. సారు రాత్రంతా నీ మాటే. మనం చదువుకుంటాము గానీ ఆ తల్లి చేసి చూపించింది అని ఒకటే పొగడ్త."

భారతమ్మ చెట్టు మాను పట్టుకుంది. నిన్న తన కళ్లలోకి చూసి చెప్పిన కొడుకు మొహం, ఉప్పలయ్య అరచేతిలో మంట, రెండూ ఒక్కసారే కనిపించాయి. నిజం చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఇంటి ముంగిట కొడుకును దొంగగా నిలబెట్టడానికి ప్రాణం ఒప్పలేదు.

"అవు తల్లీ," అంది. "నేనే పంపిన."

లక్ష్మీదేవి ఇచ్చిన మజ్జిగ ఆమె తాగలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి, మేక వైపు చూడకుండా గేటు దాటింది. అది వెనకనుంచి అరుస్తూనే ఉంది.

ఇల్లు చేరగానే సారలమ్మ దగ్గరికి పోయి కాళ్ల మీద పడింది. సారలమ్మ చేటలోని బియ్యం కింద పెట్టి వెనక్కి జరిగింది.

"యాట దొరికింది. మీది తప్పు లేదు. నాదే, నాదే పాపం."

"యాడ దొరికింది?"

భారతమ్మ తల నేలకు దించుకుంది.

"చెప్పవా? నిన్న అందరి ముంగట అరిచినవ్. ఇయ్యాల ఎవలు లేనప్పుడు కాళ్లు మొక్కుతున్నవా?" సారలమ్మ చేట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మా ఆయన చెయ్యి బొబ్బలెక్కింది. సుత్తె పట్టుకోరాక పనినుంచి ఇంటికొచ్చి పండుకున్నడు. నీ కొడుకు సావుబతుకుల మీదుంటే వాని కోసం నేను పోచమ్మకు ఉపాసమున్న. నా పొయ్యి మీది గిన్నె మూత దీసి జూసినవ్ నువ్వు." తలుపు వేసుకుంది.

సాయంత్రం ఇన్నయ్య వచ్చాడు. ఆమె కంచంలో అన్నం పెట్టి పప్పు పోసింది. అతను మొదటి ముద్ద కలుపుతుండగా అంది.

"యాట మంచిగున్నది. సారోల్ల ఇంట్ల జామాకు గూడ మేపుతున్నరు."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఎన్నడనుకున్నవ్ బిడ్డా? చెయ్యిల చెయ్యేసిన నాడేనా? అప్పటికే అనుకున్నవా?"

"లేదమ్మా. ఆ దినం నిజంగనే అన్న. తర్వాత నా వల్ల కాలే. పొద్దున కూసుండి కండ్లు మూస్తే అదే కనపడుతుండె. నా కోసం అది సచ్చిపోతది, నేను జూసుకుంట కూసుంటనా? సకల జీవులు సుఖంగ ఉండాలె అని ఏ నోటితోటి అనాలె?"

"ఆ మాట నాతోటి అనకపోతివి? కొట్లాడకపోతివి? ఉపాసముండకపోతివి? నన్ను మోసం జేసుడేంది?"

"అంటే నువ్వు ఇనవని..."

"ఇనకపోతే మోసం జేస్తవా?" ఆమె గొంతు పెరిగింది. "ఉప్పలయ్య చెయ్యి కాలుతుంటే జూసినవ్. గడపల నిలబడి జూసినవ్. మేకకున్న పానం వానికి లేదా? సారలమ్మకు లేదా? నీ సకల జీవులల్ల మేం లేమా కొడుకా?"

ఇన్నయ్య కంచంలోంచి చెయ్యి తీశాడు.

"నీ మీది నమ్మకంతోటి నా తోబుట్టువసొంటోణ్ణి దొంగను జేసిన. నువ్వే అబద్దమాడకపోతే నేనా మాట అందునా? ఇగ ఆ సారు భార్య నా చెయ్యి పట్టుకొని పెద్ద మనసంటుంటే నాకు భూమిల పడి పోదామనిపించింది. నిన్ను దొంగను జెయ్యలేక నేను గూడ అబద్దమాడిన."

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాతి మాటలు మెల్లగా అంది.

"దానికి పేరెందుకు పెట్టలేదో నీకెర్కనా? పెడితే ఇయ్యలేనని. రోజు అది నా కొంగు నములుతుంటే నాకు కడుపుల దేవినట్టు కాదనుకున్నవా? దయ నీ ఒక్కనికే ఉన్నదనుకున్నవా?"

ఇన్నయ్య కంచం పక్కకు జరిపి తల్లి ఒళ్లో తల పెట్టుకోబోయాడు. ఆమె లేచి పెరట్లోకి వెళ్లిపోయింది. మీసాలు వచ్చిన కొడుకు నేల మీద కూర్చుని చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వినిపించుకోలేదు.

శనివారం పొద్దున చాప పరచలేదు అతను. నీళ్లకు అందరూ చేరేదాకా ఆగి, కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"యాటను దీసింది నేను," అన్నాడు. "సారోల్ల ఇంట్ల కట్టేసొచ్చిన. మా అమ్మకు ఎర్క లేదు. ఉప్పలయ్య మామ ప్రమాణం జేస్తుంటే నేను నోరు మూసుకున్న."

బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ పక్కకు తియ్యలేదు. ఉప్పలయ్య చేతికి గుడ్డ చుట్టుకుని ఇంట్లోంచి వచ్చాడు. ఇన్నయ్యను పైనుంచి కిందికి చూశాడు. ఎడమ చేత్తో చెంప మీద ఒకటి కొట్టాడు.

"నన్ను దొంగన్నందుకు గాదురా," అన్నాడు. "మీ అమ్మ నిన్ను దేవునోలె నమ్మింది జూడు, అందుకు."

ఇన్నయ్య అక్కణ్నుంచి తిన్నగా క్యాంపస్‌కు పోయాడు. మధ్యాహ్నానికి మేకను తోలుకుని తిరిగి వచ్చాడు. తాడు తల్లి చేతిలో పెట్టాడు.

"సారేమన్నడు?" అంది ఆమె, మొహం చూడకుండా.

"చేతిల పుస్తకం పక్కకు పెట్టిండు. తర్వాత, 'నీ అబద్ధంలో నన్ను కూడా కలిపినావు గదా' అన్నడు. ఆయనే తాడు ఇప్పి ఇచ్చిండు." అతను మేక వీపు మీద చెయ్యి వేశాడు. "మొక్కు నీదమ్మా. నాకు ఇష్టం లేదు. ఎన్నడు ఇష్టం గాదు. గని నేను పారిపోను. రేపు నీ పక్కనే ఉంట."

ఆదివారం ముసురు పట్టింది. భారతమ్మ తలస్నానం చేసి, కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ పెట్టి, బోనం నెత్తిన పెట్టుకుంది. మేక కొమ్ములకు వేపమండలు కట్టింది. డప్పుల వెనక నడుస్తుంటే ఇన్నయ్య తాడు పట్టుకుని పక్కనే నడిచాడు. తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు. మేక మాత్రం రోజూ మేతకు పోయినట్టే అతని వెంట నడిచింది.

గుడి ముందు మొక్కుల వరస సాగుతోంది. తమ వంతు వచ్చింది. కత్తి పట్టుకున్న మనిషి "తీసుకరా" అన్నాడు. ఇన్నయ్య కళ్లు మూసుకోలేదు. తాడు వదలలేదు. అడుగు ముందుకు వేశాడు. అతని చెంపల మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

భారతమ్మ అతన్నే చూస్తోంది. ఆస్పత్రి మంచం మీద పచ్చగా వాడిపోయిన మొహం ఇదే. అడిగి తెచ్చుకున్న ప్రాణం ఇదే. ఆమె బోనం దించింది. కొడుకు చేతిలోంచి తాడు తీసుకుంది. ముందుకు పోయి గడప మీద పడింది.

"తల్లీ," అంది, అందరికీ వినపడేట్టు. "నువ్వు మాట తప్పలే. నేను తప్పుతున్న. దొంగతనంగ గాదు, నీ ముంగటనే చెప్తున్న. నువ్విచ్చిన పానమే దీన్ని జూడలేకపోతున్నది. నాకు గూడ చెయ్యొస్తలేదు. యాటను నీ పేరు మీద ఇడ్సిపెడుత. శిక్ష ఉంటే నాకెయ్యి. నా బిడ్డ జోలికి పోకు."

జనంలో గుసగుసలు లేచాయి. "మాట తప్పితే అమ్మ ఊకుంటదా?" అన్నారొకరు. "చదువుకున్న కొడుకు చెప్పిండు, తల్లి ఆడింది" అన్నారు మరొకరు. కత్తి మనిషి ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

అప్పుడు వెనకనుంచి ఉప్పలయ్య గొంతు వినిపించింది.

"మొక్కు ఆమెది. మొక్కింది ఆమె, కండ్లు పోయేదాక ఏడిసింది ఆమె. అమ్మకు ఆమెకు నడుమ మనమెవలం? జరగుండ్రి, తొవ్వ ఇయ్యుండ్రి!"

గుడ్డ చుట్టిన చేత్తోనే జనాన్ని పక్కకు తోస్తూ ముందుకు వచ్చాడు. మేక తాడు అందుకుని బయటికి దారి తీశాడు. భారతమ్మవైపు చూడలేదు. ఆమె చూడగలిగిందీ అతని వీపునే.

గుడి మలుపు దాటాక ఆమె ఆగిపోయింది. రోడ్డు పక్క రాతి మీద కూలబడింది.

"నాకు భయమైతుంది ఇన్నా. రేపు నీకు ఒళ్లు గాలితే నేనెవల్నడగాలె? ఏ మొకం పెట్టుకొని అడగాలె?"

ఇన్నయ్య ఆమె ముందు బురదలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ తను కాపాడింది మేకను ఒక్కదాన్నే. దాని మెడ మీంచి తప్పిన కత్తి అమ్మ గుండె మీద వేలాడుతోంది. ఆ సంగతి తెలిసే ఆమె దాన్ని మీదేసుకుంది. తనైతే ఏ భయమూ మోయలేదు, తల్లికి కూడా కనపడకుండా ఒక తాడు విప్పుకుపోయాడు, అంతే.

"నాకు జ్వరమొస్తే నేనే వస్తనమ్మా ఈ గుడికి," అన్నాడు ఆమె చేతులు పట్టుకుని. "తప్పు మా అమ్మది గాదు, నాదని ఆ గడప మీద నేనే చెప్త."

"నీకు పోచమ్మ లేదు గద?"

"నాకు లేకున్న నీకున్నది గద."

ఆమె అతని తల దగ్గరికి లాక్కుంది. మూడు రోజులుగా బిగపట్టిన ఏడుపంతా అతని జుట్టులోకి దిగింది. ముసురు వానగా మారింది. డప్పుల చప్పుడు దూరమైంది. అప్పుడు ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేశారు. భారతమ్మ గుడి దగ్గరే వదిలి వచ్చిన బోనం నెత్తిన పెట్టుకుని, దాన్ని ఒక చేత్తో పట్టుకుని సారలమ్మ నిలబడి ఉంది. ఆమె మొహంలో నవ్వు లేదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"లే వదినె," అంది. "తడుస్తున్నవ్. ఇంటికి పోదాం పా."

ఆ మాట వినగానే భారతమ్మ ఏడుపు మళ్లీ మొదలైంది.